నిలబెట్టిన మాట

వాంకూవర్ కొసన, బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయం ఆవరణలో ఒక పొడుగాటి దేవదారు స్తంభం ఉంది. దాని నడుమ చుక్కలు చుక్కలుగా ఏదో అమరి ఉంటే, మెడ వెనక్కి వాల్చి చూస్తూ, "ముగ్గు చుక్కల్లా ఎంత ఒద్దికగా పెట్టారో!" అన్నాను. పక్కనున్న మా అమ్మాయి కాసేపు ఏమీ అనలేదు. తర్వాత మెల్లగా, "అవి మేకులమ్మా. రాగి మేకులు. బళ్లల్లో చనిపోయిన పిల్లల కోసం కొట్టినవి" అంది.

ఆ తర్వాత ఆ స్తంభం దగ్గరికి ఎన్నిసార్లు వెళ్లానో లెక్కలేదు. అమ్మాయి ఆఫీసుకు వెళ్లగానే బస్సెక్కి అక్కడికి చేరేదాన్ని. చెక్కింది జేమ్స్ హార్ట్ అనే హైదా శిల్పి. 800 ఏళ్లు బతికిన చెట్టు అది, ఎత్తు 55 అడుగులు. అడుగు భాగమంతా పిల్లలను ఇళ్ల నుంచి పట్టుకుపోక ముందటి కాలం. అక్కడ చేపలు, ఎలుగు, వాళ్ల పురాగాథల మనుషులు ఉంటారు. నడుమ ఒక బడి. కెనడా ప్రభుత్వమూ చర్చీలూ కలిసి వందేళ్లకు పైగా నడిపిన హాస్టలు బళ్లకు అది గుర్తు. ఆదివాసీ పిల్లలను తల్లిదండ్రుల నుంచి వేరు చేసి, జుట్టు కత్తిరించి, సొంత భాషలో నోరు విప్పితే శిక్షించిన బళ్లు అవి. లక్షన్నర మంది పిల్లలను వాటిలోకి తీసుకెళ్లారు. వేల మంది తిరిగి రాలేదు. హార్ట్ ఆ బడిని ఊహించి చెక్కలేదు, చిల్లివాక్‌లో ఆయన తాత చదివిన బడినే చెక్కాడు. దాని గోడల నిండా 68 వేల మేకులు. వాటిని కొట్టినవాళ్లలో ఆ బళ్ల నుంచి బతికి బయటపడ్డవాళ్లున్నారు, వాళ్ల ఇళ్లవాళ్లున్నారు, ఇప్పటి బడిపిల్లలున్నారు. బడి కప్పు మీద ఒకరినొకరు పట్టుకుని పిల్లలు నిలబడి ఉంటారు. వాళ్లకు పాదాలు చెక్కలేదు.

నేను ముప్పై ఏళ్లు బడిపంతులమ్మగా బతికినదాన్ని. పాదాలు లేని ఆ పిల్లల వైపు చూడటం నాకు కష్టమయ్యేది. అయినా వెళ్లేదాన్ని.

2017 ఏప్రిల్ 1న ఈ స్తంభాన్ని నిలబెట్టారు. వందల మంది తాళ్లు పట్టుకుని లాగి నిలబెట్టారని అమ్మాయి చెబితే, ఇంత పెద్ద నగరంలో క్రేన్లకు కరువొచ్చిందా అని అడిగాను. అమాయకంగా అడిగిన ప్రశ్నే. కానీ ఈ స్తంభాల గురించి నేను తెలుసుకున్నదంతా ఆ ప్రశ్న వెంటే వచ్చింది.

ముందు మాట సంగతి. 'టోటెం' అనే మాట ఈ స్తంభాలు చెక్కినవాళ్లది కాదు. అక్కడికి ఎంతో దూరంగా తూర్పున, మహాసరస్సుల చుట్టూ ఉండే ఒజిబ్వేలది. వంశమనీ, ఒక ఇంటివాళ్లనీ దాని అర్థం. ఆ ఒజిబ్వేలు ఇలాంటి స్తంభాలు చెక్కలేదు. పసిఫిక్ ఒడ్డున తరతరాలుగా చెక్కిన హైదా, ట్లింగిట్, సిమ్షియన్, నిస్గా, గిట్‌క్సాన్, హైస్లా, క్వాక్వాకావాక్వ్ జనాలకు ఎవరి భాషలో వాళ్ల మాటలు వాళ్లకున్నాయి. తెల్లవాళ్ల పుస్తకాలు ఒక ఒడ్డు మాటను పీకి ఇంకో ఒడ్డున నాటాయి. అక్కడితో ఆగలేదు. 1909లో మద్రాసులో ఎడ్గార్ థర్‌స్టన్ దక్షిణ భారతదేశపు కులాల మీద ఏడు సంపుటాలు అచ్చు వేసినప్పుడు, చీమల, మేకల, గుర్రం వంటి మన ఇంటిపేర్లను కూడా ఈ మాట కిందకే చేర్చాడు. మహాసరస్సుల దగ్గర పుట్టిన మాట అలా మన ఇంటి గుమ్మం దాకా వచ్చింది.

ఆ అతుకు సరైనదో కాదో పండితులు తేల్చుకోవాలి. నాకు మాత్రం అర్థం చేసుకోవడానికి అదే దారి చూపింది. గుర్రం జాషువా గారి పేరు విని, ఆయన గుర్రాన్ని పూజించేవారని మనలో ఎవరూ అనుకోరు. ఏనుగు లక్ష్మణకవి అన్నా అంతే. ఎవరి పిల్లలం, ఎక్కడి నుంచి వచ్చాం, ఎవరితో వియ్యమందకూడదు అన్నది ఇంటిపేరు చెబుతుంది. స్తంభం మీది కాకి, గద్ద, తోడేలు, ఎలుగు, తిమింగలం చేసే పని కూడా అదే. హైదాలంతా కాకివారు, గద్దవారు అని రెండు శాఖలు. కాకివారి పిల్లను గద్దవారి ఇంటికే ఇవ్వాలి, పుట్టిన బిడ్డలకు తల్లి శాఖ వస్తుంది. ఊళ్లలోకి వచ్చిన క్రైస్తవ ప్రచారకుల్లో చాలామంది వీటిని విగ్రహాలనుకున్నారు. నరికించారు, కాల్పించారు. దేవుళ్లను పడగొడుతున్నామని నమ్మి ఇంటిపేర్లను పడగొట్టారు.

మనకూ వాళ్లకూ ఒక తేడా ఉంది. మన ఇంటిపేరు ఎవరైనా పలకొచ్చు. వాళ్ల చిహ్నం ఆ ఇంటి ఆస్తి, దాని వెనకున్న కథా ఆస్తే, పాటా ఆస్తే. ఏ పూర్వీకుడు ఏ ఏటి ఒడ్డున ఆ ఎలుగుకు ఎదురుపడ్డాడో, ఏం పోగొట్టుకుని ఆ గుర్తు సంపాదించాడో ఆ ఇంటివాళ్లే చెప్పాలి. అనుమతి లేకుండా ఇంకొకరు చెబితే దొంగతనం చేసినట్టే. అందుకే ఈ స్తంభాలను పుస్తకంలా పై నుంచి కిందికో, కింద నుంచి పైకో చదివేయలేం. కథ తెలిసినవాళ్లకు అవి గుర్తు చేస్తాయి, తెలియనివాళ్లకు పెదవి విప్పవు. మన చేర్యాల పటం ఇలాంటిదే. పటం విప్పి, బొమ్మ మీద కర్ర ఆనించి, ఆ కులపురాణం చెప్పే హక్కున్నవాళ్లు చెబితేనే అది కథ. కథకుడు లేకుండా గోడకు వేలాడదీస్తే రంగులు మిగులుతాయి.

తెలియకుండా చదివితే ఎంత తలకిందులవుతుందో చెప్పే మాట ఒకటి ఇంగ్లీషులోనే ఉంది. ఉద్యోగంలో అందరికంటే చిన్నవాణ్ణి 'టోటెం స్తంభంలో అడుగున ఉన్నవాడు' అంటారట. మా అమ్మాయి ఆఫీసులో తరచూ వినే మాట. నిజానికి అడుగు బొమ్మే మనిషి కంటికి ఎదురుగా ఉంటుంది. పెద్ద శిల్పి తరచూ దాన్ని శిష్యులకు వదలకుండా తన చేత్తోనే చెక్కుతాడు. చాలా స్తంభాల్లో అందరికంటే ముఖ్యుడు అక్కడే కూర్చుని ఉంటాడు.

ఇక చెట్టు. దాన్ని రెడ్ సీడర్ అంటారు. దేవదారు అని నేను రాస్తున్నది వేరే మాట లేక, మన హిమాలయాల దేవదారుకూ దీనికీ దగ్గరి చుట్టరికం లేదు. ఎడతెగని వానలో పెరిగే చెట్టు. చెక్కలో సహజంగా ఉండే మందులాంటి పదార్థాలు బూజును దగ్గరికి రానివ్వవు కాబట్టి కూలి నేల మీద పడ్డా ఏళ్ల తరబడి కుళ్లదు. నిలువునా శుభ్రంగా చీలుతుంది, ఉలికి మెత్తగా లొంగుతుంది. కోనసీమకు కొబ్బరి చెట్టు ఎలాగో ఆ తీరానికి ఇది అలాగ. ఇల్లు, పడవ, సామాను పెట్టె అన్నీ దీని చెక్కతోనే. బెరడు నుంచి నార తీసి తాళ్లు పేనేవాళ్లు, చాపలు, టోపీలు, కట్టుకునే బట్టలు అల్లేవాళ్లు. చెట్టు చావకుండా ఒక పక్క పట్టీ మాత్రమే తీస్తారు. అలా పట్టీ తీసిన మచ్చతో వందల ఏళ్లుగా బతుకుతున్న చెట్లు ఆ అడవుల్లో ఇప్పటికీ ఉన్నాయి. స్తంభానికి చెట్టు కొట్టాలంటే ముందు దానితో మాట్లాడి, చెప్పుకుని, ఆపైనే కొడతారు. ధ్వజస్తంభానికి చెట్టు తేబోయేటప్పుడు మన ఊళ్లలో చేసే పూజ తెలిసినవాళ్లకు ఇది వింతగా ఉండదు.

ఒక మధ్యాహ్నం ఒక చెక్కుడు పాకలో కూర్చునే భాగ్యం దొరికింది. దుంగ పక్కకు పడుకోబెట్టి ఉంది. వీపు భాగమంతా తొట్టిలా తొలిచేశారు. లోపలి చేవ తీసేస్తే బరువు తగ్గుతుంది, ఆరేటప్పుడు పగుళ్లూ తక్కువ పడతాయి. శిల్పి చేతిలో ఉన్నది చూడగానే నాకు ప్రాణం లేచి వచ్చినట్టయింది. బాడిస! మా ఊరి వడ్రంగి భుజాన వేసుకుని తిరిగిన బాడిసే. కాకపోతే పిడికి మాత్రం కొమ్మ వంపు తిరిగిన చోట కోసిన కర్ర, దాని ముక్కుకు పలక కట్టి ఉంది. పనిముట్లు ఎవరివి వాళ్లే చేసుకుంటారట. ఇంకొకటి వంపు తిరిగిన చిన్న కత్తి, దాన్ని తన వైపు లాక్కుంటూ చెక్కుతారు. ఉక్కు రాక ముందు రాయి, గవ్వ, బీవరు పన్ను వాడేవాళ్లు. పద్దెనిమిదో శతాబ్దం చివర ఓడల వాళ్లు సముద్రపు నీరుకుక్కల తోళ్ల కోసం వచ్చి ఇనుము ఇచ్చాక స్తంభాలు మరీ ఎత్తుగా, మరీ ఎక్కువగా లేచాయి. అంతకు ముందు లేవని కాదు. 1778లో కెప్టెన్ కుక్‌తో వచ్చిన చిత్రకారుడు జాన్ వెబర్ అదే తీరంలోని నూట్కా ఇళ్ల లోపల చెక్కిన నిట్రాళ్లను బొమ్మ గీసి పెట్టాడు.

ఆ శిల్పి బాడిసతో చివరి పొర తీస్తున్నాడు. ఒక్కో దెబ్బకు బొటనవేలి గోరంత పలుచటి చిప్ప లేస్తోంది. దెబ్బ పక్కన దెబ్బ, వరస పక్కన వరస. చిత్రిక పట్టి నున్నగా చేయడం ఆయనకు ఇష్టం లేదు. ఆ గుంటల వరసే కావాలి, వెలుతురు దాని మీద నీటి అలల్లా కదలాలి. రంగు బొమ్మంతా పూయరు, కావలసిన చోటే. నలుపు, ఎరుపు, నీలి ఆకుపచ్చ. పూర్వం బొగ్గు, ఎర్రమన్ను, రాగి ఖనిజం నూరి వాడేవాళ్లు. వాటికి బంకగా సాల్మన్ చేప గుడ్లను దేవదారు బెరడుతో కలిపి నోట్లో నమిలి, ఆ రసాన్ని రంగులో కలిపేవాళ్లు. స్తంభానికి మనిషి నోటి తడి అలా అంటేది.

ఆయన నాకు కళ్లు గుర్తుపట్టడం నేర్పాడు. ఆ కన్ను గుండ్రమూ కాదు, పలకా కాదు. మూలలు ఒంపు తిరిగి, పై అంచు ఉబ్బిన ఆకారం. కంటిలోనే కాదు, కీళ్లలో, రెక్క మొదట్లో, తోక దగ్గర అదే ఆకారం మళ్లీ మళ్లీ వస్తుంది. సూటి ముక్కుంటే కాకి, కిందికి వంగితే గద్ద. రెండు పెద్ద ముందు పళ్లూ గళ్ల తోకా ఉంటే బీవరు. వీపు మీద నిలువు రెక్క ఉంటే తిమింగలం. హైదా స్తంభం కొసన పొడుగు టోపీలతో కూర్చునేవాళ్లు కాపలాదారులు, ఊరి మీదికి ఏం వస్తున్నా ముందే చెబుతారు. ఇంతవరకు నేర్పి, "ఇది ఎవరి కథ?" అని నేను అడిగితే మాత్రం నవ్వి తల అడ్డంగా ఊపాడు. చెప్పవలసిన రోజు ఉంది, చెప్పవలసినవాళ్లు ఉన్నారు.

ఆ రోజు పేరు పాట్‌లాచ్. నా క్రేను ప్రశ్నకు జవాబు దొరికింది అక్కడే. స్తంభం చెక్కడంతో పని పూర్తి కాదు. పెద్దను పోగొట్టుకున్న ఇల్లో, కొత్త పేరు ఎత్తుకునే ఇల్లో ఏళ్ల తరబడి కూడబెట్టి, దూరదూరపు ఊళ్ల నుంచి ఎదుటి శాఖవాళ్లను పిలుస్తుంది. వాళ్లు తాళ్లు పట్టి లాగుతారు, స్తంభం గోతిలో నిలుస్తుంది. ఇంటివాళ్లు కథ చెబుతారు, పాట పాడతారు, నాట్యం చేస్తారు. తర్వాత వచ్చినవాళ్లందరికీ కానుకలు. మన పెళ్లిళ్లలో అతిథులు చదివింపులు చదివిస్తారు కదా, అక్కడ పిలిచినవాళ్లే ఇచ్చుకోవాలి. మీరు చూశారు, విన్నారు, ఇక ఈ మాటకు సాక్షులు మీరే అని ఇచ్చే కానుక అది. తీసుకున్నవాడు జీవితాంతం గుర్తుపెట్టుకోవడానికి ఒప్పుకున్నట్టే. రాత లేని సమాజాలు అనేస్తాం గానీ, ఇంతమంది సంతకాలున్న దస్తావేజు నేనెక్కడా చూడలేదు. క్రేను ఎత్తిన స్తంభానికి సాక్షులుండరు. తాడు పట్టి అరచేయి బొబ్బలెక్కిన మనిషి మరిచిపోడు.

సాక్ష్యం అన్నాక బాకీలూ ఉంటాయి. అలాస్కాలో కెచికాన్ దగ్గర శాక్స్‌మన్ అనే ఊళ్లో ఒక స్తంభం కొసన విలియం సీవార్డ్ కూర్చుని ఉంటాడు. రష్యా నుంచి అలాస్కాను కొనిపించిన అమెరికా మంత్రి. 1869లో ఆయన ఆ తీరానికి వెళ్తే ట్లింగిట్ పెద్ద ఒకరు గొప్ప విందు చేసి కానుకలిచ్చారు. సీవార్డ్ బదులు ఏమీ ఇవ్వలేదు. ఆయన బొమ్మ చెక్కి, ముక్కుకూ చెవులకూ ఎర్రరంగు వేసి నిలబెట్టారు. చెక్క పాతబడితే మళ్లీ చెక్కారు. నూటయాభై ఏళ్లయినా ఆ బాకీ ఎవరూ మరిచిపోలేదు.

గిట్‌క్సాన్లు తమ భూమి తమదేనని వేసిన దావా 1987లో విచారణకు వచ్చినప్పుడు కూడా ఇదే సాక్ష్యం తీసుకెళ్లారు: స్తంభాలు, కథలు, పాటలు. ఒక పెద్దావిడ తన ఇంటి పాట పాడబోతే, పాడక్కర్లేదు, మాటలు రాసిస్తే చాలు కదా అని జడ్జి అభ్యంతరం చెప్పాడు. ఆవిడ పాడింది. 1991లో ఆ జడ్జి తీర్పు వాళ్లకు వ్యతిరేకంగా వచ్చింది. 1997 డిసెంబరులో కెనడా సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసి, నోటి చరిత్రకు కాగితం చరిత్రతో సమానంగా విలువ ఇవ్వాలని చెప్పింది. ఆ తీర్పు గురించి చదివిన రాత్రి నేను చాలాసేపు నిద్రపోలేదు. పోడు పట్టాల కోసం మన ఏజెన్సీలో కచేరీల చుట్టూ తిరిగే పెద్దవాళ్లు కళ్ల ముందు మెదిలారు. వాళ్ల పాటలను ఏ కోర్టు రికార్డులోకి ఎక్కించాలి?

జరిగిన నాశనం గురించి ఎక్కువ రాయలేను. 1862లో శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి విక్టోరియాకు వచ్చిన ఓడలో మశూచి వచ్చింది. ఊరి బయట గుడారాల్లో ఉన్న ఉత్తరాది జనాలను అధికారులు బలవంతాన పడవలెక్కించి పంపేస్తే, రోగం తీరం పొడవునా పాకింది. వేలల్లో ఉన్న హైదాలు అర్ధశతాబ్దంలో 600 మందికి పడిపోయారు. స్తంభాలు నిలిచి ఉన్నాయి, వాటి కథ చెప్పే ఇళ్లు ఖాళీ అయ్యాయి. ఆపై 1884లో కెనడా పార్లమెంటు పాట్‌లాచ్‌నే నేరం చేసింది. 1921లో క్వాక్వాకావాక్వ్ జనాల విలేజ్ ఐలాండ్‌లో డాన్ క్రాన్‌మర్ ఇచ్చిన పాట్‌లాచ్ మీద కేసులు పెట్టి, ముసుగులూ రాగి పలకలూ అప్పగించకపోతే జైలే అన్నారు. ఆ నిషేధం 1951 దాకా పోలేదు. ఆ 67 ఏళ్లలో మ్యూజియంల వాళ్లు వచ్చి స్తంభాలను కోసి ఓడలకెక్కించారు, అంతరించిపోతున్న జాతి గుర్తులను కాపాడుతున్నామని చెప్పి.

1969లో హైదాల మాసెట్ ఊళ్లో జరిగింది మాత్రం తీరిగ్గా చెప్పాలి. రాబర్ట్ డేవిడ్‌సన్‌కు అప్పుడు 22 ఏళ్లు. గొప్ప శిల్పి చార్లెస్ ఎడెన్‌షాకు మునిమనవడు. ఊళ్లో దాదాపు తొంభై ఏళ్లుగా ఒక్క స్తంభం లేవలేదు. ముసలివాళ్లకు ఒక్కసారైనా పండగ చేసుకునే కారణం దొరకాలని ఆ కుర్రాడు 40 అడుగుల స్తంభం చెక్కడానికి పూనుకున్నాడు. అయితే నిలబెట్టే రోజు ఏం చేయాలి? ఏ పాట ముందు, ఏ నాట్యం తర్వాత? పూర్తిగా తెలిసినవాళ్లు ఊళ్లో ఒక్కరూ లేరు. పెద్దలు ఒక ఇంట్లో చేరి ఎవరికి గుర్తున్న ముక్క వాళ్లు పెట్టడం మొదలుపెట్టారు. ఒకరికి చరణం, ఒకరికి అడుగు, ఒకరికి వరస. రాబర్ట్ నానమ్మ ఫ్లారెన్స్, ఎడెన్‌షా కూతురు, ఒక నాట్యం చూపించాలనుకుంది. ముసుగు కావాలి. ముసుగులన్నీ ఎప్పుడో పోయాయి. ఆవిడ ఒక కాగితం సంచీ తీసుకుని, కళ్ల కోసం కన్నాలు పెట్టి, తలకు తొడుక్కుని ఆడింది.

ఆ కాగితం సంచీ నా మనసులోంచి పోదు. మ్యూజియంల అద్దాల వెనక ఎన్ని గొప్ప ముసుగులు చూశానో! దీపాలు, కింద చీటీలు, తేమ కొలిచే చిన్న యంత్రాలు. వాటి ముందు నిలబడ్డప్పుడల్లా ఆవిడే గుర్తొచ్చేది. ముసుగులు పోయినా నాట్యం ఆవిడ కాళ్లలో ఉంది కాబట్టే ఆ ఆగస్టులో రెండు శాఖల వాళ్లూ తాళ్లు పట్టారు, స్తంభం లేచింది. కాపాడటం అనే మాటను నేను అంతకు ముందు ఎంత ఇరుగ్గా అర్థం చేసుకున్నానో అనిపించింది. మళ్లీ చెక్కగల చెయ్యి, చెప్పగల నోరు, చూసి గుర్తుపెట్టుకునే సాక్షి ఈ ముగ్గురూ ఉంటే స్తంభం కూలినా పోయేదేమీ లేదు. పూర్వం వాళ్లు కూలుతున్న స్తంభానికి ఊతం పెట్టేవాళ్లు కాదు. ఆ వానలో వందేళ్లు నిలబడితే గొప్ప. పడిపోతే పడనిస్తారు, కావాలనుకుంటే కొత్తది చెక్కి మళ్లీ అందరినీ పిలుస్తారు.

ఈ మాట ఒప్పుకోవడం మ్యూజియంలకు ఎంత కష్టమో గప్స్‌గోలక్స్ స్తంభం కథ చెబుతుంది. మశూచిలో బిడ్డలను పోగొట్టుకున్న ఆ పేరుగల హైస్లా పెద్ద, ఆ దుఃఖంలో తనకు ఎదురైన ఆత్మను తలుచుకుని 1872లో చెక్కించిన స్తంభం అది. తొమ్మిది మీటర్లు. కిట్లోప్ నది దగ్గర మిస్కూసా ఊళ్లో ఉండేది. 1929లో ఊరివాళ్లు లేని సమయంలో స్వీడన్ కాన్సులు దాన్ని మొదలంటా కోయించి స్టాక్‌హోం పంపాడు. తిరిగొచ్చిన హైస్లాలకు మోడు కనిపించింది. అరవై ఏళ్లకు, 1991లో, అది ఎక్కడుందో వాళ్లకు తెలిసింది. అడిగారు. 1994లో స్వీడన్ ప్రభుత్వం సరేనంది, రెండు షరతులతో. మాకు నకలు చెక్కి ఇవ్వాలి. అసలుదాన్ని చలీ తేమా అదుపులో ఉండే భవనంలో భద్రపరచాలి.

ఆ రెండో షరతు చదివినప్పుడు నాకు మా అమ్మమ్మగారి ఇల్లు గుర్తొచ్చింది. మండువా లోగిలి, టేకు స్తంభాలు. వంటింటి వసారాలో ఉన్న స్తంభానికే కవ్వం కట్టేవాళ్లు. అమ్మమ్మ, ఆవిడ అత్తగారు, ఆవిడ అత్తగారు చిలికిన చిలుకుడుకు కవ్వాన్ని పట్టే తాడు ఒరిసి ఒరిసి, టేకు చేవలో నా చూపుడువేలు సగం దిగేంత గాడి పడింది. చల్ల కోసం కూర్చున్నప్పుడల్లా ఆ గాడిలో వేలు పెట్టి రాస్తూ ఉండేదాన్ని. వెన్న జిడ్డుతో లోపల నల్లగా, నున్నగా ఉండేది. ఇల్లు పడగొట్టినప్పుడు పాతసామాన్ల వ్యాపారి ఒకాయన స్తంభాలు కొనుక్కుపోయాడు. మేమే అమ్మాం. చాలా ఏళ్లకు ఒక పెళ్లికి వెళ్లి, ఒక పెద్ద హోటలు వాకిట్లో ఆ స్తంభాన్ని చూశాను. పై దిమ్మె మీద ఒక రేకు విరిగిన పద్మం వల్ల గుర్తుపట్టాను. కింద నుంచి దీపం వేశారు. చెదలు పట్టకుండా మందు కొట్టి, రంగు వేసి ఎంత శ్రద్ధగా పెట్టారో! గాడి కోసం తడిమాను. లప్పం పెట్టి పూడ్చేశారు.

హైస్లాలు షరతు ఒప్పుకున్నారు. ఒక్క నకలు అడిగితే రెండు చెక్కారు. ఒకటి 2000లో మిస్కూసాలోనే, పాతది ఉన్న ఊళ్లోనే నిలబెట్టారు. ఇంకొకటి స్టాక్‌హోం వాళ్లకు ఇచ్చారు. తమ దగ్గరి నుంచి పట్టుకుపోయినవాళ్లకు చెక్కి ఇచ్చారు! ఈ ఔదార్యం ముందు నేను తలవంచుతాను. అసలు స్తంభం 2006లో సముద్రం దాటి హైస్లాల సీమలోని కిటిమాట్ చేరింది. భద్రమైన భవనం కట్టేంత డబ్బు సమకూరక, ఒక షాపింగ్ మాల్‌లో పడుకోబెట్టి ఉంచారు. పిల్లలు బళ్ల నుంచి వచ్చి చూసిపోయేవాళ్లు. ఏళ్లు గడిచాయి. ఆ ఇంటి పెద్దలు కూర్చుని ఆలోచించుకున్నారు. 2012లో దాన్ని అక్కడి నుంచి తీసి, మళ్లీ కిట్లోప్‌కు, మిస్కూసాకు చేర్చి నేల మీద పడుకోబెట్టారు, కుళ్లిపోవడానికి.

పైన కప్పు లేదు. నాచు పట్టాలి, వాన తాగాలి, మెల్లగా మన్నులో కలవాలి. అదే ఊళ్లో కొత్త స్తంభం నిలబడి తడుస్తూ ఉంది. దానికీ ఒక వందేళ్లు.